హెల్కా కలిపిన దారి

టాంపెరె నగరంలో చెట్లు కోసే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో హెల్కాకి ఓ కుర్చీ ఉంది గానీ, ఆమె అందులో కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. కాఫీ కప్పు పట్టుకుని డిజైన్ గదికీ, యంత్రాల భాగాలు తయారయ్యే షాపుకీ మధ్య తిరుగుతూ, ఎవరైనా మాట్లాడితే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి వింటుంది. డ్రాయింగులు గీసేవాళ్ల కంప్యూటర్లనీ, షాపులో మెషీన్లనీ, అడవిలో రిపేర్లు చేసేవాళ్ల ఫోన్లనీ ఒకదానితో ఒకటి కలపడమే ఆమె పని. "మా గోడు మీ దాకా వచ్చేలోపు మంచు కరిగి మళ్లీ పడుతుంది," అని అడవిలో రిపేర్లు చేసే ముసలి మెకానిక్ ఉర్హో అంతకుముందు దెప్పేవాడు.

మొన్న శీతాకాలం అడవిలో ఒక యంత్రంలో నూనె గొట్టం పక్కనున్న ఇనుముకి ఒరుసుకుని పగిలి, కాగిన నూనె క్యాబిన్ అద్దం మీద చిమ్మింది. అద్దం ఆపబట్టి డ్రైవరు బతికిపోయాడు. ఉర్హో తీసిన ఫొటో, గొట్టాన్ని పక్కకి వంచమన్న అతని మాటతో సహా, ఫోన్లోంచి నేరుగా డిజైనర్ల కంప్యూటర్లో ఆ గొట్టం డ్రాయింగు పక్కకే చేరింది. డిజైనర్లు గొట్టాన్ని పక్కకి వంచారు. మారిన కొలత ఎవరూ మళ్లీ టైపు కొట్టకుండానే షాపులో మెషీన్లకి అందింది. ఆ వారమే తయారైన కొత్త యంత్రాన్ని చూడ్డానికి ఉర్హో స్వయంగా వచ్చి, ఆ వంపుని వేలితో తడిమాడు.

"అమ్మాయ్, ఇది నేను చెప్పిందే కదా?"

"నువ్వు చెప్పిందే."

అటు పోయేవాళ్లనల్లా పిలిచి, "ఈ వంపు నాది," అని చూపించాడు ఉర్హో. హెల్కా "మనది" అని దిద్దలేదు. పక్కనే నిలబడి, తృప్తిగా, అతన్ని చెప్పుకోనిచ్చింది.