తేనెమంచు విత్తనాలు

ఆ రోజుల్లో కొత్త ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే, దాన్ని ఎవరిమీదైనా ప్రయోగించేదాకా నాకు అన్నం సహించేది కాదు. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది. అక్కడ వ్యవసాయ శాఖలో చేరి, ఉద్యోగం ఇంకా ఖాయం కాక, అరువు సైకిలు మీద ఊళ్లు తిరుగుతుండేవాణ్ని. ఆ ఏడు ఎమ్మిగనూరు చుట్టుపక్కల సజ్జ చేలకు మిల్డ్యూ అనే తెగులు తగిలింది. ఆకుల కింద తెల్లటి బూజు, కంకుల్లో గింజలకు బదులు పిచ్చి ఆకులు. నిఘంటువు తిరగేస్తే ఆ మాట పుట్టుక తెలిసింది. పాత ఇంగ్లీషులో దాని మొదటి సగం తేనె, రెండో సగం మంచు! ఆకులమీద తీపి జిగురు చూసి ఆకాశం నుంచి తేనె కురిసిందనుకున్నారట వాళ్ల పూర్వులు. పోనుపోను ఆ పేరు బూజుకు అంటుకుంది. (రోగానికి ఇంత కవిత్వమా అని ఆ పూట నాకు కళ్లు చెమర్చాయి.)

అంతకుముందు నేను పెట్టిన సభకు వచ్చింది బంట్రోతూ, ఒక మేకా. ఈసారి ఎమ్మిగనూరు సంతనాడు బళ్లారి నుంచి మా పై అధికారి, తెల్లదొరే వస్తానన్నాడు. జనం రాకపోతే నా ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. అందుకని "సజ్జకు తేనెమంచు వచ్చింది, అందరూ సంతకాడికి రావాల" అని ఊరూరా దండోరా వేయించాను. ఆ తెగులుకు రైతులందరూ వాడే ఎర్రికంకి అన్న మాట చాలు, కానీ నిఘంటువు చదివిన నోటికి అది ఆనుతుందా? దొర వచ్చేసరికి మైదానం కిటకిటలాడుతోంది. నా గుండె పొంగింది. తీరా చూస్తే ప్రతివాడి భుజాన ఖాళీ గోనెసంచి!

"అప్పా, తేనెమంచు ఇత్తనాలు యాడ ఇస్తాండారు? కొత్త రకమంట గదా, వచ్చే ఏటికి దాసిపెట్టుకుంటా" అన్నాడు ముందు నిలబడ్డ ముసలి రైతు. అది విత్తనం కాదు, మీ చేలో ఉన్న ఎర్రికంకేనని నీళ్లు నములుతూ చెప్పాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రోగానికి మనమరాలికి పెట్టినట్టు పేరు పెట్టినావు గదప్పా! రేపు నీ బిడ్డకేం పెడతావు, ఎర్రికంకి అనా?" అన్నాడు ముసలాయన.

మైదానమంతా గొల్లుమంది. తెలుగు రాని దొర ఏమంటున్నారని అడిగితే, ఉపన్యాసం బాగుందంటున్నారని చెప్పాను. నవ్వుతూనే వాళ్లు రోగం మొక్కలు పీకి కాల్చాలని నేను చెప్పిన మాటా విన్నారు. "సంచులు ఉత్తగా మోసకపోయేదెందుకు? పీకిన కంకులు ఈట్లోనే ఏసుకుందాం" అంటూ ముసలాయనే అందరినీ బయలుదేరదీశాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ కథ నాకంటే ముందే మా అత్తగారింటికి చేరింది. పిల్లలు పుట్టినప్పుడు "పేర్ల సంగతి మీరు తలపెట్టొద్దు" అని మా ఆవిడ ముందే చెప్పేసింది. కానీ మా చిన్నది మంచులో తడిసిన పాదాలతో పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకున్నప్పుడల్లా, పిలవాలనిపించే పేరొకటి నోటిదాకా వచ్చేది. ఇన్నేళ్లూ నవ్వుకుని మింగేస్తూనే ఉన్నాను.