మోకాలి లోతు వంక

మొన్న బుధవారం నేను మునిగిన సంగతి మీదాకా వచ్చే ఉంటుంది. రాలేదా? అయితే టీ చెప్పండి, నా నోటనే వినండి. ఇంకొకరు చెబితే అందులో మొసలి కూడా ఉంటుంది!

నేను రోడ్ల ఆఫీసులో ఓవర్సీరునే గానీ ఇంకా టెంపరరీ కదా. ఎండాకాలంలో ఇంజనీరుగారు పిలిచి, "పెద్ద వాన వస్తే నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య ఏ చప్టా తట్టుకుంటుంది, ఏది కొట్టుకుపోతుంది, రిపోర్టు రాయి. బాగా రాస్తే నిన్ను పర్మనెంటు చేయిస్తా" అన్నారు. ఇంక ఆగుతానా? సైకిలు, టేపు, నోటుబుక్కు! చప్టా అంటే వంతెన కాదు, వాగుకో వంకకో అడ్డంగా పరిచిన రాతి దారి; వరదొస్తే నీళ్లు దాని మీదుగానే పోతాయి. ఏ వంకలోనూ చుక్క నీళ్లు లేవు. మరి వరదొస్తే ఎంత లోతో తెలిసేదెట్లా? ఆ చుట్టుపక్కల వాళ్లను అడిగి రాసుకోవడమే.

శిరివెళ్ల దగ్గర ఒక వంక చప్టా మీద ఓబులప్ప అనే పెద్దాయన దొరికాడు. ఎద్దులబండి తోలే మనిషి.

"అప్పా, ఈ వంక పెద్దగా వస్తుందా?"

"యాడ పెద్దగ సార్! పోయినేడు అంత వాన కొట్టె గదా, నాకు మోకాళ్ల దాంకనే వచ్చె."

"నిజమేనా?"

"ఆ నీళ్లలోనే దాటితి. అబద్ధం చెప్తానా?"

కళ్లారా చూసిన సాక్షి! సంతోషంగా రాసేశాను: లోతు ఒకటిన్నర అడుగు, భయం లేదు.

ఇక బుధవారం. ఆళ్లగడ్డలో చివరి కొలతలు ముగించి, రిపోర్టు చంకలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. సాయంత్రంలోగా ఇంజనీరుగారి చేతికివ్వాలి. దారిలో చినుకు లేదు గానీ, పైన నల్లమల కొండల మీద మాత్రం మబ్బు బాగా కమ్ముకుంది. ఆ వంక దగ్గరికొచ్చేసరికి చప్టా మీద ఎర్రటి నీళ్లు! బస్సు ఆగింది.

డ్రైవరు తాపీగా బీడీ ముట్టించాడు. "వంక దిగిందాంక బండి కదల్దు."

నాకు రోషం వచ్చింది. "మోకాలి లోతేనయ్యా! రోడ్ల ఓవర్సీరును, నేనే సర్వే చేశాను."

"అట్లయితే ముందర నువ్వు నడువు సార్. నీ ఎనకాలే తెస్తా."

ముందు మనిషి నడిచి లోతు చూపిస్తే వెనక బస్సు రావడం ఈ రోడ్డు మీద మామూలే. బస్సంతా నన్నే చూస్తోంది. దిగి ప్యాంటు మడిచాను. సరిగ్గా మోకాళ్ల దాకా. అంతకు మించి ఒక్క మడత వేయలేదు, అంత నమ్మకం!

నాలుగడుగులకు మోకాలు. పదడుగులకు నడుము. వెనక్కి తిరిగితే పరువేం కావాలి? ఇంకో నాలుగడుగులు వేశాను. గడ్డం! రిపోర్టు నెత్తికెత్తుకున్నాను. అంతే, కాళ్లు లేచిపోయాయి.

"అయ్యో, ఓవర్సీరు పాయె!" అని బస్సులో ఒకావిడ కేకేసింది.

నిజం చెప్తున్నా, ప్రాణం మీద ఆశ వదులుకున్నాను. పర్మనెంటూ గుర్తులేదు, రిపోర్టూ గుర్తులేదు, అమ్మా అని ఒకటే అరుపు. ఇంతలో ఎద్దుల పగ్గం ఒకటి వచ్చి ముఖం మీద పడింది. రెండు చేతులా పట్టుకున్నాను. నన్ను ఈడ్చి అవతలి గట్టున పడేసింది ఎవరనుకున్నారు? ఓబులప్పే! వంక దిగడం కోసం బండి ఆపుకుని కాచుకునున్నాడు.

నీళ్లు కక్కుతూనే అరిచాను. "మోకాళ్ల దాకా అన్నావు కదయ్యా!"

"అవును సార్, నాకు మోకాళ్ల దాంకనే వచ్చె. నేను బండి మింద కూచ్చోనుంటి గదా!"

తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

రిపోర్టు వంకలో కొట్టుకుపోయింది కదా, రెండు రోజులు కూర్చుని అంతా మళ్లీ రాశాను. ఆ వంకను అన్నిటికంటే పైన పెట్టి ఇంజనీరుగారి ముందు నిలబడ్డాను. బస్సులోవాళ్ల పుణ్యమా అని కథ నాకంటే ముందే ఆఫీసు చేరింది.

"ఈ వంక లోతెంత?" అన్నారు ఆయన.

"గడ్డం దాకా సార్."

ఆయన కళ్లద్దాలు తీశారు. "నిలబడా, కూచోనా?"

"తేలుతూ సార్."

నవ్వి నవ్వి, అక్కడ వంతెన కావాలని సంతకం పెట్టారు. మరి నా ఉద్యోగమా? పోయి చూసుకోండి, చప్టాకు ఒక్క రాయి కూడా కదల్లేదు. ఆ వరదకు కొట్టుకుపోయింది నేనొక్కడినే. అలాంటివాడిని పర్మనెంటు ఎవరు చేస్తారు?