జాతరలో ఫోటోకు దారి ఉంచిన ఎస్తేరక్క

నిన్న పొద్దున జాన్ ఫోన్ చేశాడు.

"అక్కా, మా అక్క నిద్రలనే పోయింది."

జాన్‌కు ఉన్నది ఒక్కతే అక్క. అయినా "ఎవరు?" అని అడిగాను.

మా ఎస్తేరక్క. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. మొబైల్ నెట్‌వర్క్ ఆఫీసులో నాకు సీనియర్.

నిన్నటి నుంచి అన్నీ నీళ్ళ అడుగున జరుగుతున్నట్టే ఉన్నాయి.

ఆదివారం చర్చి అయ్యాక ఒక్కోసారి నన్ను ఖిలా వరంగల్ తీసుకెళ్ళేది. ఆ రాళ్ళ మధ్య మెల్లగా నడుస్తూ గాలిలోకి చూసేది.

"ఏం చూస్తున్నవక్కా?"

"ఇంతమంది మాటలు గాలిల పోతానయ్ గద చెల్లె. ఒక్కటి గూడ కనవడది."

కొన్నేళ్ళ కిందట ములుగు అడవిలో జాతర డ్యూటీ పడింది మా ఇద్దరికీ. అప్పట్లో టవర్‌కు ఛానెళ్ళు, అంటే సిగ్నల్ పోయే దారులు, తక్కువ. కాల్స్, మెసేజ్‌లు, ఫోటోలు, అన్నీ వాటి మీదే పోవాలి.

టవర్ పక్కన వ్యాన్‌లో కూర్చున్నాం. బయట ఎర్ర దుమ్ము, డప్పులు, బెల్లం వాసన. అంతా సగం కలలాగా.

మధ్యాహ్నానికి కాల్స్ కలవడం మానేశాయి. ఫోటోలు పోయే డేటా పూర్తిగా ఆపేసి ఛానెళ్ళన్నీ కాల్స్‌కే ఇమ్మన్నారు మేనేజర్. ఆయన మీద ఒత్తిడి అలా ఉంది.

అక్క స్క్రీన్ మీద లెక్కలు చూసి చెప్పింది.

"సార్, మాటకు ఓపిక లేదు. ముందు దానికే ఇద్దాం. ఫోటో జర ఆగినా నడుస్తది. కానీ దానికి సన్న దారన్న ఉంచుత. కాల్స్ తగ్గినప్పుడల్లా పెద్దగ చేస్త. తేడా వస్తే నాదే బాధ్యత."

ఆయన సరేనన్నాక, ఆ టవర్ దగ్గర కాల్స్ ఎలా ఉంటే ఛానెళ్ళు అలా వాటంతటవే సర్దుకునేలా సెట్ చేసింది. స్క్రీన్ మీద రంగులు నెమ్మదిగా ఒకదానిలోకి ఒకటి కరుగుతూ ఉన్నాయి.

అప్పుడే కొమురయ్య అనే రైతు వ్యాన్ దగ్గరికి వచ్చాడు. తల్లి తప్పిపోయింది. ఆమెకు చెవులు వినపడవు. మైకులో పిలిచినా లాభం లేదు.

"ఫోన్ కలుస్తలేదమ్మా. మావోళ్ళు తలో దిక్కు ఉన్నరు."

"ఫికర్ చెయ్యకన్నా. అమ్మ ఫోటో ఉన్నదా? మీవోళ్ళందరికి పంపు."

ఫోటో మీద చక్రం తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

అక్క పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి.

పోయింది.

అది అందుకున్న అతని మేనల్లుడు కనిపించిన వాళ్ళకల్లా చూపిస్తూ పోతే, గాజులమ్మే ఆమె ఒకరు వాగు వైపు చెయ్యి చూపించిందట.

పొద్దుగూకక ముందే కొమురయ్య తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ ముసలమ్మకు ఏం జరిగిందో తెలియదు. అయినా అక్క బుగ్గలు నిమిరి, తన కొంగులోంచి బెల్లం ముక్క తీసి అక్క నోట్లో పెట్టింది.

అక్క కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా చప్పరించింది.

మర్నాడు మిగతా టవర్లకూ అదే సెట్టింగ్ పెట్టమన్నారు మేనేజర్.

ఈ పొద్దున కాజీపేటలో సమాధి దగ్గర పాడుతుంటే రైలు వచ్చింది. అందరం పాట ఆపి, అది పోయేదాకా నిలబడ్డాం. అంత చప్పుడులోనూ జాన్ ఒక్కడు మాత్రం ఆపకుండా పాడుతూనే ఉన్నాడు.

పోయి రా అక్కా.

ఆ దేవుని నీడల నిమ్మళంగ నిదురపో.