ఓదెలు మామ గొంతు

మొన్న వానలో మంథని బస్టాండులో నిలబడితే, పక్కన మక్క కంకులు కాల్చే మనిషి కట్టెబొగ్గు దొరకకనో ఏమో పొయ్యిలో రాకాసి బొగ్గు వేశాడు. ఆ పొగ వచ్చి ముక్కుకు తగిలేసరికి నా మనవరాలు "అమ్మమ్మా, కంపు" అని కొంగు లాగింది. నేను కదల్లేదు. ఉత్తగా నిలబడితే ఆ మనిషి ఏమనుకుంటాడోనని ఒక కంకి కొన్నాను. కొన్నందుకు ఒక్క గింజ వదలకుండా తిన్నాను. తిన్నంతసేపూ నేను బెల్లంపల్లిలోనే ఉన్నాను.

బెల్లంపల్లిలో మా బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. మా దిక్కు నీళ్ల బావినీ బాయే అంటారు, బొగ్గు గనినీ బాయే అంటారు. కార్మికుల ఇళ్లు వరుసలుగా ఉండేవి, వాటిని లైన్లు అనేవాళ్లం. సాయంత్రం కాగానే ప్రతి వాకిట్లో పచ్చి బొగ్గు కుప్పపోసి అంటించేవాళ్లు. పొగంతా పోయి ఎర్రగా కణకణలాడాక నీళ్లు చల్లి ఆర్పితే అది మర్నాటి పొయ్యికి. అంతసేపూ లైనంతా పొగ కమ్మి, ఎదురొచ్చేది ఎవరో దగ్గును బట్టి పోల్చుకోవాల్సిందే. ఆరేసిన బట్టల మీద, కాచిన పాల మీద, మేం అరుగు మీద పరుచుకున్న కచ్చకాయల మీద కూడా సన్నటి నల్లపొడి పడేది. ఇంట్లో గడియారం లేదు. షిఫ్టు మారే వేళకు బాయి సైరను కూస్తే లేచేవాళ్లం, కూస్తే తినేవాళ్లం, కూస్తే పడుకునేవాళ్లం. తమ్ముణ్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలని నన్ను నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు. అందుకే లైన్లో జరిగేవన్నీ చంకలో తమ్ముడితో నిలబడి చూశాను.

నాన్నను బాపు అన్నట్టే అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ తమ్ముడు ఓదెలు మామ మా ఇంట్లోనే ఉండేవాడు. బాయిలో బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన మందు, మనుషులు పక్కకు జరగకముందే పేలి, మామ రెండు చెవులూ పోయాయి. పైకప్పు విరిగే చప్పుడు వినలేని వాణ్ని కిందికి పంపరు కాబట్టి, దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే లాంపు రూములో వేశారు. చెవులు పోయాక మామకు తన గొంతు ఎంత లేస్తోందో తెలియకుండా పోయింది. ఎంత మెల్లగా మాట్లాడాననుకున్నా అది అరుపే. పొద్దున్నే "అక్కా, చాయ!" అంటే మూడో లైన్లో కుక్కలు లేచేవి. పిల్లనడగడానికి పోతే ఒకామె, "చెవిటోనికి పిల్లనిచ్చి మేం గూడ మొత్తుకుంట బతకాల్నా" అందట. తర్వాత అవ్వ ఎవరినీ అడగలేదు.

మాకు రెండిళ్ల అవతల నారాయణ ఇల్లు. అతని చెల్లెలు రుక్మ ఆదిలాబాద్ నుంచి వచ్చి అన్న దగ్గర ఉంటోంది. అక్కడ పత్తి మిల్లులో పని చేస్తుంటే కుడిచేయి మిషన్లో పడి మణికట్టు దాకా పోయింది. ఒంటిచేతి పెండ్లాం నాకెందుకని మొగుడు పంపేసి ఇంకొకామెను తెచ్చుకున్నాడు. ఆమె మాటల్లో మరాఠీ దొర్లేది, ఏమిటి అనడానికి బదులు "కాయ్?" అనేది, పిల్లలం వెక్కిరించేవాళ్లం. గిన్నెను పాదాల మధ్య బిగించి పిండి కలిపేది, ఉల్లిగడ్డను మడమ కింద పెట్టి ఒలిచేది, ఎవరైనా సాయం పోతే కసిరేది. ఒక్క పనే ఆమెకు చేతకాలేదు, తడి చీర పిండడం. చీరను నల్లా గొట్టానికి చుట్టి ఒంటిచేత్తో మెలితిప్పేది గానీ సగం నీళ్లు చీరలోనే ఉండేవి.

ఒకనాడు షిఫ్టు దిగి వస్తున్న మామ ఆగి, ఏమీ అడక్కుండా ఆ చీర రెండో కొస పట్టుకున్నాడు. ఆమె ఒక దిక్కు, ఈయన ఒక దిక్కు తిప్పారు. నల్లా దగ్గరి ఆడవాళ్లు ఊరుకుంటారా.

"ఓదెలూ, జర మా చీరెలు గూడ పిండిపో!"

"ఏందీ?" అని అరిచాడు మామ.

"ఏం లేదు తియ్యి. నీకు ఒక్క చీరెనే కనవడ్తది."

అందరూ నవ్వారు. రుక్మ నవ్వలేదు. చీర దులిపి దండెం మీద వేసింది. మర్నాడు మళ్లీ అదే వేళకు బట్టల మూట ముందేసుకొని కూర్చుంది.

బాయిలో బొగ్గు బండ్లను తాడుతో లాగే చోట మాటలుండవు, గంట సైగలే. ఒక దెబ్బకు ఆగు, రెండింటికి లాగు, మూడింటికి మెల్లగా. మామ ఆమెకు అవి నేర్పాడు. ఆమె వాటిని వేలితో అతని అరచేతిలో కొట్టేది. "నీ మామిడి తొక్కు మంచిగున్నది!" అని మామ లైను అదిరేలా అంటే, ఆమె ఆ చేయి అందుకొని మెల్లగా మూడు దెబ్బలు కొట్టేది, మామ గొంతు దిగేది. మా అవ్వ ఎంత మొత్తుకున్నా దిగని గొంతు అది. ఇప్పటి పిల్లలు సెల్లులు పట్టుకొని దేన్ని ప్రేమంటారో నాకు తెలియదు. నేను చూసింది ఇది.

బతుకమ్మ వస్తే లైన్లన్నీ ఒక్కటయ్యేవి. పొద్దున్నే మంచులో పోయి తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చి, గునుగుకు రంగులద్ది, సాయంత్రానికి బతుకమ్మ పేర్చి, సత్తుపిండి, నువ్వుల ముద్దలు, మలీద ముద్దలు మూతగిన్నెల్లో పెట్టుకొని మైదానానికి పోయేవాళ్లం. గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆట. రెండు చేతులుంటేనే ఆట. రుక్మ వచ్చిన ఏడు దూరంగా గట్టు మీద కూర్చుంది. తర్వాతి ఏడు నేను ఆమె కొంగు పట్టి లాక్కొచ్చి, పక్కన నిలబెట్టి, నా అరచేయి చాపాను. "దీని మీద కొట్టు అక్కా" అన్నాను. మొదట మెత్తగా కొట్టింది, తర్వాత నా చేయి ఎర్రబడేలా కొట్టింది. పాట వినపడని మామ గట్టు మీద కూర్చొని, మా చేతులనే చూస్తూ, దెబ్బ దెబ్బకూ తల ఊపాడు.

మరుసటి పండుగకు ముందు ఆమె మొగుని దగ్గర్నుంచి కబురొచ్చింది. రెండో పెండ్లాం జ్వరంతో పోయింది, ఇద్దరు పిల్లలు, చూసేవాళ్లు లేరు, రుక్మను పంపమని.

"మొగడే రమ్మంటుండు, అదే పదివేలు. పండుగ ఎల్లంగనే తోలిత్త" అన్నాడు నారాయణ.

"మా ఓదెలుకు ఇయ్యరాదు? మారుమనువు చేద్దాం" అన్నాడు బాపు.

"ఒంటిచెయ్యిదానికి చెవిటోడా? పొయ్యి కాడ కొంగు అంటుకొని అది మొత్తుకున్నా వీనికి ఇనరాదు గదా బావా."

చెడ్డ మాటే గానీ అబద్ధం కాదు. బాపు తువ్వాల భుజానేసుకొని లేచాడు.

పండుగ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ; దానికి ముందురోజు, ఇళ్లు కడుక్కోవడానికి ఆడవాళ్లంతా నల్లా దగ్గర ఉన్నారు. రుక్మ నిండు కుండ తలకెత్తుకొని ఎడమచేత్తో పట్టుకొని లేచింది. మామ వెనక నుంచి వచ్చి, నోటికి చేయి అడ్డం పెట్టుకొని, ఆమె చెవి దగ్గర వంగాడు. గుసగుసలాడుతున్నాననే అనుకున్నాడు.

"రుక్మా! రేపు మీ అన్న మొదటి షిఫ్టుకు దిగంగనే టేషన్‌కు రా! బల్లార్షా బండికి పోదాం! ఎవలకు చెప్పకు!"

నల్లా దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. ఆమెకున్న ఒక్క చేయీ కుండ మీద ఉంది. అతని అరచేతిలో కొట్టే వీలు లేదు, నోరు మూసే వీలు లేదు. కళ్లతో ఆగమంది. మామ సంతోషంలో ఉన్నాడు. "టికెట్లు నేను తీస్త! బట్టలొక్కటే తెచ్చుకో!" అప్పుడామె కుండ వదిలేసి అతని నోరు మూసింది. కుండ పగిలి నీళ్లు మా కాళ్ల దాకా వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ మాత్రం ఆమె ఒప్పుకుందనుకొని సంతోషంగా షిఫ్టుకు పోయాడు.

నారాయణకు షిఫ్టు దిగి వచ్చేటప్పుడే ఎవరో చెప్పారు. తిట్టలేదు, కొట్టలేదు. స్నానం కూడా చేయకుండా, ఒంటి మీది బొగ్గుతోనే, చెల్లెల్ని ఆదిలాబాద్ బస్సెక్కించి తనూ ఎక్కాడు. మామ అప్పుడు రెండో షిఫ్టులో దీపాలు అందిస్తున్నాడు. పని దిగి ఇంటికొచ్చాక అతనికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తెల్లారి మేం లేచేసరికే స్టేషన్‌కు వెళ్లిపోయాడు.

మిట్టమధ్యాహ్నానికి తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అక్కా, రుక్మ రాలే" అన్నాడు.

కోపమో ఏడుపో, అవ్వ అతని చేయి పట్టుకొని అతని గొంతు మీదే పెట్టింది. తర్వాత తన చెవి చూపింది. నల్లా దిక్కు, లైన్ల దిక్కు చేయి చాపి చూపింది. చివరికి నారాయణ ఇంటి తాళం చూపింది. మామ ఒక్కొక్కటీ చూశాడు. చేయి మాత్రం గొంతు మీద నుంచి తీయలేదు. ఆ సాయంత్రం నేను బతుకమ్మ ఆడలేదు.

మామ మళ్లీ మాట్లాడలేదు. చాయ కావాలంటే గ్లాసు చూపేవాడు. మొదట్లో లైను వాళ్లకు హాయిగానే ఉంది; కొన్నాళ్లకు వాళ్లే "ఓదెలూ, ఒక్కసారి ఒర్రరాదు" అంటూ అరవమని బతిమిలాడేవాళ్లు. లాంపు రూములోనే ముసలివాడయ్యాడు. పోయేరోజు కూడా నీళ్లు చేత్తోనే అడిగాడు.

మొన్నటి ప్రయాణం ఆదిలాబాద్‌లో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి. దారిలో బెల్లంపల్లిలో దిగి చూశాను. బాయి మూసేశారు. లైన్లు కూల్చిన చోట తుమ్మచెట్లు మొలిచాయి, నల్లా ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. షిఫ్టు మారే వేళ దాకా నిలబడ్డాను, కూత రాలేదు. ఎందుకు వస్తుంది? మనవరాలు "ఇక్కడేముంది అమ్మమ్మా" అంది. "ఏం లేదు, పద" అన్నాను.

పెళ్లింట్లో భోజనాల దగ్గర, మగపెళ్లివాళ్ల బంతిలో, కుడిచేయి కొంగు కింద దాచుకొని ఎడమచేత్తో తింటున్న ముసలామె కనబడింది. దగ్గరికి పోయి, "రుక్మక్కా, నేను. ఓదెలు అక్క బిడ్డను" అన్నాను. కళ్లు చిట్లించి చూసి పోల్చుకుంది. అవ్వ సంగతి అడగలేదు, తన అన్న సంగతి అడగలేదు.

"మీ మామ ఇంక గట్లనే ఒర్రుతడా?"

అబద్ధమాడితే కన్నపిల్లలకే వాతలు పెట్టినదాన్ని నేను.

"ఆఁ అక్కా, గట్లనే. లైనంత ఇనవడ్తది."

పళ్లు లేని నోటితో నవ్వింది. "ముసలోడైండు, గొంతు పోతది. జర మెల్లగ మాట్లాడుమను" అంది.

"చెప్త" అన్నాను.