దొంగ అడుగుల పాఠమూ, తడిపంచే

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా నాకు రెండవ ఏడు నడుస్తున్నది. ఉద్యోగం తాత్కాలికం. విద్వాన్ పట్టా ఉన్నా, వచ్చే వేసవిలోగా ఇంగ్లీషు పరీక్ష ఒక్కటి గట్టెక్కకపోతే ఆ కుర్చీలోకి మరొకరు వస్తారని ప్రధానోపాధ్యాయుడు మృదువుగానే చెప్పినాడు.

చిక్కంతా మా నాయనతో వచ్చింది. తానెరిగిన ఇద్దరు ఉద్దండులు ఇంగ్లీషు నేర్చి ఛందస్సు మరచిపోయినారని ఆయన అభియోగం. "ఈ ఇంట ఆ భాష వినబడిన నాడు నేను వినబడను" అన్నది ఆయన శాసనం. అందుచేత నేనొక అబద్ధం కల్పించినాను. నంద్యాలలో ఒక మిత్రుని అటక మీద ఎవరూ చూడని తాళపత్ర కావ్యమొకటి దొరికిందనీ, ప్రతి ఆదివారమూ వెళ్లి దానిని ఎత్తి రాస్తున్నాననీ చెప్పినాను. నాయన పరమానందభరితుడైనాడు. తిరిగి వచ్చినప్పుడల్లా అరుగు మీదనుంచే అడిగేవాడు.

"ఎన్ని ఆకులైనాయిరా?"

"పన్నెండు, నాయనా."

నిజానికి నేను వెళ్లేది మిషన్ బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక క్రైస్తవ ఉపాధ్యాయుని ఇంటికి. ఆదివారం ప్రార్థన ముగించుకొని వచ్చి, భోంచేసి, ఆయన నాకు వసారాలో పాఠం చెప్పేవాడు. చేసి చూపనిదే క్రియ ఒంటబట్టదని ఆయన సిద్ధాంతం. కార్తీకంలో ఒక ఆదివారం రహస్యంగా కదలడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ మూటగట్టి నా ముందు కుమ్మరించినాడు. 'క్రీప్' అనగానే నేను నడుము వంచి, వేటకాడిలాగా నేలబారున కదలాలి. 'టిప్టో' అంటే నిద్రిస్తున్న పసిబిడ్డ పక్కనుంచి మునివేళ్ల మీద దాటిపోవాలి; అందులో పాపం లేదు. 'ప్రౌల్' అంటే ఆకలిగొన్న చిరుతలాగా ఆ మూలా ఈ మూలా వెదకుతూ తిరగాలి. 'లర్క్' అన్నప్పుడు మాత్రం నడక లేదు. స్తంభం వెనుక మాటువేసి నిలబడడమే. 'స్నీక్' అంటే దొంగచాటుగా దూరడం; అందులో కొంత నీచత్వముంది. 'స్లింక్' అన్నిటికంటె దీనమైనది: పాలకుండ దగ్గర దొరికిపోయిన కుక్క తోక ముడుచుకొని జారుకొనే నడక అది. పిలకా గోచీపంచే గల తెలుగు పండితుడు ఆ వసారాలో చిరుతై, కుక్కై తిరుగుతుంటే ఆయన భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

చివరికి ఆయన అడిగినాడు: "బాగుంది సామీ. మా ఇంటికి మీరొచ్చే నడక వీటిలో ఏది?"

"టిప్టో" అన్నాను, కొంచెం గర్వంగానే.

"వచ్చేటప్పుడు సరే. ఈడనుంచి పోతా కుందూలో మునుగుతారే, అప్పటిదేది?"

నిజమే. అన్యమతస్థుల ఇంట కూర్చుని వచ్చినందుకు ప్రతివారమూ కుందూనదిలో కట్టుబట్టలతో మునిగి, సంచిలోని పొడిపంచె కట్టుకొని బస్సెక్కేవాడిని. ఆయనకు అది తెలుసునన్న సంగతి నాకు తెలియదు. ఆయన కోపగించుకోలేదు. "నీళ్లు చల్లగా ఉంటాయి, జాగర్త సామీ" అని మాత్రం నవ్వినాడు.

సిగ్గుతో తడబడుతూ బయలుదేరేసరికి బస్సు వేళ ముంచుకొచ్చింది. కుందూ దాకా పోవడానికి సమయం లేదు. సరే, ఆళ్లగడ్డ పొలిమేరలో బస్సు దిగి, ఒక తోటలోని మోటబావిలో మునిగినాను. లేచి, గట్టు మీది సంచి కోసం చేయి చాపితే అక్కడ గట్టు మాత్రమే ఉంది. సంచి బస్సులోనే ఉండిపోయి కడప దారిలో సాగిపోతున్నది.

ఎద్దులను తోలుకొస్తున్న తోట రైతు నన్ను చూచి నిలబడిపోయినాడు.

"ఏంది సామీ, ఈ చలిలో బట్టల్తోనే మునిగినావ్? ఎవురన్నా పోయినారా?"

"లేదప్పా, ఊరికే."

"ఊరికే మునిగేదేంది సామీ!"

మా వాళ్లలో కట్టుబట్టలతో మునిగి తడిపంచెతో ఇంటికి వచ్చేవాడు సాధారణంగా చావుకబురు విన్నవాడై ఉంటాడు. దుఃఖం దిగమింగుకుంటున్నానని ఆ రైతు నిశ్చయించుకొని, అడ్డదారిన నాకంటె ముందు మా ఇల్లు చేరినాడు.

నేను వచ్చేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. అమ్మ గడపలో కూలబడింది. మా అక్క గడివేములలో నిండు నెలలతో ఉంది.

"గడివేముల కబురేనారా? తల్లీబిడ్డా ఇద్దరూనా? చెప్పురా!"

"ఎవరూ పోలేదమ్మా. అక్క బాగుంది."

"మరి మునిగినావే!"

వేరే దారి లేదు. "నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నానమ్మా" అన్నాను.

కళ్లకు అద్దుకున్న కొంగులు ఆడవాళ్లు దించినారు. తరువాత అమ్మ, "ఇంగ్లీషేనా! నీ మొహం మండ, ఇంగ్లీషేనా!" అంటూ ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది.

నాయన నవ్వలేదు. అందరూ వెళ్లినాక అడిగినాడు.

"ఆ తాళపత్రాలు?"

"లేవు, నాయనా."

"ఒక్క ఆకైనా?"

"లేదు."

"ఆదివారమెప్పుడొస్తుందా అని కూర్చునేవాడిని గదరా" అన్నాడు. ఇంగ్లీషు మీద కోపగించుకొని ఉంటే ఓర్చుకునేవాడిని. ఆ మాటకు మాత్రం తల ఎత్తలేకపోయినాను.

కొంతసేపటికి, "పోయి పోయి ఏం నేర్చినావో చెప్పు" అన్నాడు. మిషన్ బడి ఐవారి పాఠాలూ, నా మునకలూ, ఆ నడకల మాటలూ అన్నీ చెప్పినాను. ఒక్కొక్క మాటకూ తేడా అడిగినాడు. పర్యాయపదాలంటే ఆయనకు ప్రాణం. చివరకు, "నీవు మునిగే సంగతి ఆ ఐవారికి తెలుసునా?" అన్నాడు.

"తెలుసు, నాయనా."

"అయితే నీ నడక ఏదిరా?"

"స్లింక్" అన్నాను.

"గురువు ఇంటినుంచి వచ్చి మునిగేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇక మునగవద్దు."

"మునిగితే నా గుండె ఆగిపోతుంది" అని లోపలినుంచి అమ్మ.

మరుసటి ఆదివారం ఐవారి ఇల్లాలు ఇచ్చిన మజ్జిగ తాగి, పొడిపంచెతో నడివీధిన ఇంటికి వచ్చినాను. అక్క పండంటి ఆడపిల్లను కన్నది, వేసవిలో నా పరీక్ష అత్తెసరు మార్కులతో గట్టెక్కింది, కుర్చీ నిలిచింది. అయితే అవన్నీ తరువాతి మాటలు. ఆ ఆదివారం సాయంత్రం నాయన అరుగు మీద కాగితమూ కలమూ పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

"ఈ వారం ఎన్ని ఆకులురా?"

"ఎనిమిది కొత్త మాటలు, నాయనా" అన్నాను. ఆయన రాసుకోవడానికి సిద్ధమైనాడు.