అడక్కముందక్క ఆగిన ఐదు సెకన్లు

ఆవిడకి ఆ పేరు పెట్టింది తోటి టెక్నీషియన్లే. ఎవరైనా పెన్ను కోసం జేబు తడుముకుంటే చాలు, అడక్కముందే తెచ్చి చేతిలో పెట్టేది. అందుకని అడక్కముందక్క. అంతకుముందు పదిహేనేళ్ళు చెప్పుల షాపులో పనిచేసిన మనిషి. వచ్చినవాళ్ళు నోరు విప్పేలోగా పాదాలు చూసి సరైన సైజు పెట్టె దించేది. ఇంట్లో మొగుడు కూడా "నాకు ఆకలేసిన సంగతి నాకన్నా ముందు నీకే తెలుస్తుంది" అంటూ కంచం ముందు కూర్చునేవాడు. ఆ మాటకి మురిసిపోవడమే తప్ప, ఇదొక లోపమని ఆవిడకి ఎన్నడూ తోచలేదు.

షాపు మూతపడ్డాక శిక్షణ తీసుకుని, ఆటిజం ఉన్న పిల్లలకి నేర్పే ఈ సెంటర్లో టెక్నీషియన్‌గా చేరింది. ఆవిడకి అప్పగించిన పిల్లకి ఆరేళ్ళు. ఏదీ అడగదు. కావలసింది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. అక్క ఆ పిల్లని ముద్దుగా దొరసాని అనేది. వచ్చే నెల దొరసానిని బడిలో వెయ్యాలి. దాహమేస్తే నోరు తెరిచి అడగ్గలిగితేనే చేర్చుకుంటామని బడివాళ్ళు తేల్చి చెప్పారు.

సూపర్‌వైజర్ రాసిచ్చిన ప్లాను గోడకి అంటించి ఉంది. నీళ్ళ గ్లాసు కనబడేలా పట్టుకోవాలి. ఐదు సెకన్లు ఉలకకుండా పలకకుండా ఆగాలి. అప్పటికీ అడక్కపోతే "నీళ్ళు" అని ఒక్కసారి చెప్పాలి. పిల్ల ఆ మాట అనగానే గ్లాసు ఇవ్వాలి. ఇంతేనా, అనుకుంది అక్క.

మూడు వారాలు తిరిగేసరికి చార్టు నిండా టిక్కులే. పదిసార్లలో తొమ్మిదిసార్లు పిల్ల సొంతంగా అడిగిందట. అక్క నేల మీద నడవడం మానేసింది. అప్పుడొచ్చింది దొరసాని తల్లి.

"ఇంట్లో ఒక్కసారి కూడా అడగట్లేదక్కా. గ్లాసు పట్టుకుంటే నా నోటికేసి చూస్తూ కూర్చుంటుంది."

"మీరు కంగారు పెట్టేస్తున్నారేమోనమ్మా," అంది అక్క. పాపం, ఆ తల్లి నిజమే కాబోలనుకుంది.

సూపర్‌వైజర్ మాత్రం అనుకోలేదు. అక్క కూతురి వయసుంటుందేమో ఆ అమ్మాయికి. మర్నాటి క్లాసు వీడియో తీసి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా తిప్పింది. గ్లాసు పైకి లేచింది. ఒక్క సెకను గడిచిందో లేదో, అక్క కనుబొమలు ఎగిరాయి, గడ్డం ముందుకొచ్చింది, 'నీ' అనబోతున్నట్టు పెదాలు సాగాయి. దొరసాని ఆ పెదాలు చూసి, తనవీ అలాగే సాగదీసి, "నీళ్ళు" అంది. ప్రతిసారీ అదే తంతు. అక్క తన మొహాన్ని తనే గుర్తుపట్టలేనట్టు చూసింది.

"ఇది నీళ్ళడగడం కాదక్కా. మీ మొహం చదవడం. మీ మొహం దాని వెంట బడికి వెళ్ళదు కదా."

అక్క మనసు చివుక్కుమంది. "దాహంతో చూస్తుంటే రాయిలా ఎలా కూర్చోమంటారు మేడమ్?"

"ఐదు సెకన్లే. రాసినట్టు చెయ్యకపోతే పిల్లకి రాలేదో, మనం నేర్పలేదో నాకెలా తెలుస్తుంది?"

ఆ ఐదు సెకన్లు నేర్చుకోవడానికి అక్కకి తలప్రాణం తోకకొచ్చింది. మొదటిరోజు ఐదు లెక్కపెట్టి ఆగితే, సూపర్‌వైజర్ చేతిలో గడియారం రెండు సెకన్ల దగ్గరే ఉంది. చివరికి బూటు లోపల కాలివేళ్ళతో లెక్కపెట్టడం అలవాటు చేసుకుంది. ఇంట్లో మొగుడి మీదా సాధన చేసింది. కూర గిన్నె పట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా నిలబడింది. ఆయన కంచంలోంచి తలెత్తి, "నేనేం చేశానే?" అన్నాడు.

పిల్లతో మాత్రం నవ్వులాట కాలేదు. పెదాలు కదలకపోయేసరికి దొరసాని అక్క మొహమంతా వెతికింది, గ్లాసు నెట్టేసింది, ఏడ్చింది. చార్టులో తొమ్మిది కాస్తా ఒకటికి పడింది. ఆ ఒకటిని అక్క ఉన్నదున్నట్టే వేసింది. వేసి, బాత్‌రూమ్‌లోకెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. తర్వాత మెల్లగా రెండైంది, నాలుగైంది. బడివాళ్ళు చూడ్డానికి రేపొస్తారనగా, అక్క కాకుండా వేరే మనిషి దగ్గర అడుగుతుందో లేదో చూద్దామంది సూపర్‌వైజర్.

సెంటర్ వ్యాన్ డ్రైవర్‌ని కూర్చోబెట్టారు. అడిగితే ఇవ్వమని ఒక్కటే చెప్పారు. ఆయన మీసం పెదాల్ని పూర్తిగా కప్పేసింది, చదువుదామన్నా అక్షరం కనిపించదు. సూపర్‌వైజర్ అక్కని తలుపు అద్దం బయట తన పక్కన నిలబెట్టుకుంది.

దొరసాని మీసంకేసి చూసింది. గ్లాసుకేసి చూసింది. అక్క బూటులో మూడో వేలు వంగింది, నాలుగోదీ వంగింది.

"నీళ్ళు."

ఏడాదిగా వ్యాన్‌లో తిప్పుతూ ఆ గొంతు ఒక్కసారైనా వినని డ్రైవర్, నోరు తెరుచుకుని, గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇవ్వాలన్న సంగతే మర్చిపోయాడు. అక్క చెయ్యి గబుక్కున తలుపు పిడి మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడే ఉంది. తర్వాత ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది.

లోపల దొరసానికి చిరాకొచ్చింది. డ్రైవర్ మణికట్టు మీద చరిచి, "నీళ్ళు ఇవ్వు" అంది.

ఇచ్చాడు. సగం తాగింది, సగం గౌను మీద పోసుకుంది.

"ఆ 'ఇవ్వు' నేను నేర్పలేదు మేడమ్," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

"తెలుసక్కా," అంది సూపర్‌వైజర్. "మీరు తలుపు తీసుంటే అది వినేవాళ్ళం కాదు."