అయింది, చేయించుకుంది

మార్తక్కను ఆఫీసులో అందరూ నెమ్మదస్తురాలు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెది నెమ్మది కాదు, వినే గుణం. మాలో చాలామందికి హెడ్‌ఫోన్లు ఉన్నాయి గానీ చెవులు లేవు. ఆ చాలామందిలో నేనూ ఒకదాన్నని తెలియడానికి నాకు అమెరికా ఎన్నికలు కావలసి వచ్చాయి.

మా ఆఫీసు ఈ కన్నడ మహానగరంలో, బ్రూక్‌ఫీల్డ్ అనే పేటలో ఒక అద్దాల మేడ మూడో అంతస్తులో ఉంది. అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. అక్కడ ఓటున్న తెలుగువాళ్లకు ఎవరో ఫోన్ చేసి, ఈసారి ఏ విషయం చూసి ఓటేస్తారని తెలుగులోనే అడుగుతారు. ఆ మాటల రికార్డింగులు పొద్దున్నే మా దగ్గరికి వస్తాయి. మేం విని, ఇంగ్లీషులో రాసి, పక్కన ఒక నంబరు వేయాలి. ధరల గురించి మాట్లాడితే మూడు. వైద్యం గురించైతే తొమ్మిది. అబార్షన్ చట్టాల గురించైతే పద్నాలుగు. అభ్యర్థి ఫిట్‌నెస్ గురించైతే ఇరవై రెండు. మనుషుల బాధలన్నీ ముప్పై నంబర్లలో సర్దేశారు మహానుభావులు.

మార్తక్కది చిలకలూరిపేట. అక్కడ ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేది. భర్త చందుకు జిగణిలో ఫ్యాక్టరీ ఉద్యోగం రావడంతో ఇద్దరూ చందాపురలో కాపురం పెట్టారు. అక్కడి నుంచి బస్సులు మారుతూ రోజూ మా కన్నా ముందే సీట్లో ఉండేది. స్కూల్లో వాడిన నిఘంటువు ఇంకా ఆమె డెస్కు మీదే ఉండేది. నేను ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. మా తాత హిందూపురం వైపు నుంచి వచ్చాడు కాబట్టి ఇంట్లో తెలుగే, కానీ అందులో సగం కన్నడం. నేను “ఉండాది” అన్నప్పుడల్లా మార్తక్క నవ్వి, ఆ మాటను ఒక కాగితం మీద రాసి పెట్టుకునేది. ఎగతాళికి కాదు, దాచుకోవడానికి.

ఇరవై రెండో నంబరుతో మొదట్లో బాగా నవ్వుకున్నాం. అభ్యర్థి ఫిట్‌నెస్ గురించి మీకేమైనా దిగులుందా అని అడిగితే ఒక పెద్దాయన కంగారుపడిపోయి, “ఫిట్సా? అయ్యో, ఎప్పటినుంచి వస్తున్నాయమ్మా?” అన్నాడు. మా వరసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

“లారీకి ఫిట్‌నెస్ కోసం ఎఫ్.సి. చేపిచ్చినట్ల చేపిచ్చి పంపిస్తే అయిపోతుంది కదక్కా,” అన్నాను నేను.

మార్తక్క కూడా నవ్వింది గానీ, తర్వాత అడిగింది. “ఫిట్ అంటే ఏంటే కళ్యాణీ? ఒళ్లు బాగుండటమా, బుర్ర బాగుండటమా, ఆ కుర్చీకి తగినవాడవటమా? ఒకళ్లు వయసు గురించి చెప్తున్నారు, ఇంకొకళ్లు నడత గురించి చెప్తున్నారు. అన్నిటికీ ఇరవై రెండే వేస్తే ఎట్టా?” ఇదంతా ఒక నోట్‌గా రాసి పైకి పంపింది కూడా. ఎవరూ చదవలేదు.

అంతకు మూడు నెలల ముందు, జూన్‌లో, మార్తక్క సెలవు పెట్టింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు కడుపు పండింది. నాలుగో నెలలో స్కానింగ్‌కు వెళ్తే బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఆస్పత్రి కాగితం మీద ‘మిస్డ్ అబార్షన్’ అని రాసిచ్చారు. కడుపులోనే బిడ్డ పోతే డాక్టర్లు అలాగే రాస్తారట. మన ఇళ్లలో కూడా ‘ఆమెకు అబార్షన్ అయింది’ అంటే బిడ్డ నిలవలేదనే అర్థం చేసుకుంటాం, అయ్యో అంటాం. కావాలని తీయించుకుంటే ‘చేయించుకుంది’ అంటాం. క్రియ మారితే మనిషే మారిపోతుంది. ఈ తేడా మనకు ఎవరూ నేర్పరు, పుట్టుకతో వస్తుంది.

మా టీమ్ లీడర్ కౌశల్‌కు మాత్రం రాలేదు. హైదరాబాద్ కుర్రాడు, ఇరవై ఎనిమిదేళ్లు, చదువంతా ఇంగ్లీషులో సాగింది. చెడ్డవాడు కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. మార్తక్క తిరిగి చేరిన రోజున హెచ్.ఆర్. వాళ్లు ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆమె తెచ్చిచ్చి తన సీట్లోకి వచ్చి కూర్చోగానే కౌశల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి మాట్లాడాడు.

“మార్తా గారూ, వెల్‌కమ్ బ్యాక్. మీ పర్సనల్ ఛాయిస్‌ని మేమందరం రెస్పెక్ట్ చేస్తాం. ఇక్కడ ఎవరూ జడ్జ్ చెయ్యరు.”

“ఛాయిసేంటండీ?” అంది మార్తక్క.

“అదే... అబార్షన్.”

“అబార్షన్ అయిందండీ నాకు.”

“యెస్, నేనూ అదే అంటున్నా,” అని దయగా నవ్వి వెళ్లిపోయాడు.

ఆమె చాలాసేపు కంప్యూటర్ కూడా తెరవలేదు. నేను బలవంతంగా మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ కూలబడి, “తొమ్మిదేళ్లు ఎదురుచూశానే కళ్యాణీ. నేనెందుకు చేయించుకుంటాను?” అని ఏడ్చింది. హెచ్.ఆర్. ఫైల్లో కూడా సెలవుకు కారణం ‘సొంత నిర్ణయం’ అన్న గడిలో టిక్కు పడింది. మార్చమని ఆమె రెండుసార్లు మెయిల్ పెట్టింది. చూస్తామన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

సెప్టెంబరులో నాలుగు వందల పదిహేడో రికార్డింగు వచ్చింది. అమెరికాలో ఏదో రాష్ట్రం, నలభై దాటిన తెలుగు ఆవిడ. ఏ విషయం చూసి ఓటేస్తారని అడిగితే ఆమె మొదటి మాటే, “నాకు పోయినేడాది అబార్షన్ అయిందమ్మా” అని. మార్తక్క దాన్ని ‘నా గర్భం నిలవలేదు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషులో రాసి, వైద్యం కిందికి తెచ్చి తొమ్మిది వేసింది.

మర్నాడే కౌశల్ ఎర్రగీత కొట్టాడు. మనిషి నోటివెంట వచ్చిన ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు ఉంచాలని మాకు రూలు ఉంది. అబార్షన్ అన్న మాటను సాఫ్ట్‌వేర్ పట్టుకుంది, మార్తక్క రాసినదాంట్లో ఆ మాట లేదు. కాబట్టి తప్పు అన్నాడు. ‘ఐ హ్యాడ్ ఎన్ అబార్షన్’ అని రాసి, పద్నాలుగు-బి వేయమన్నాడు. ఇంగ్లీషులో ఆ వాక్యానికి చేయించుకున్నాననే అర్థం, పద్నాలుగు-బి అంటే తన నిర్ణయంతో చేయించుకున్నవాళ్లు.

“ఆవిడ చేయించుకోలేదండీ. ఆవిడకి అయింది,” అంది మార్తక్క.

“మార్తా గారూ, ఇంటర్‌ప్రెట్ చేయడం మన పని కాదు.”

“అర్థం చేసుకోకుండా రాస్తే ఇంక నేనెందుకండీ ఇక్కడ? మిషను చాలుగా? ఆవిడ మూడు నిమిషాలు మాట్లాడింది. ఒక్కసారి వినండి.”

“రోజుకు రెండు వందల కాల్స్. నేనెక్కడ వినేది?” అన్నాడు కౌశల్. తర్వాత ఎంతో జాగ్రత్తగా, “చూడండి, నేను మీ మంచికే చెప్తున్నా. ఈ టాపిక్ మీకు చాలా క్లోజ్. ఎమోషనల్‌గా మీరు దీనికి ఫిట్ కాదేమో. ఫుడ్ డెలివరీ కంప్లైంట్స్ ప్రాజెక్ట్ ఖాళీగా ఉంది,” అన్నాడు.

ఫిట్ అన్న మాట వినగానే మార్తక్క ముఖం మారింది. “ఆ మాట సరిచేస్తానంటే ఎక్కడికైనా పోతాను. అట్టాగే ఉంచుతానంటే మాత్రం నేను రాయను,” అంది. తనకు హెచ్.ఆర్. ఫైల్లో జరిగిందే ఇంకొక ఆడమనిషికి తన చేతుల మీదుగా జరగకూడదన్నదే ఆమె పట్టు. ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఆమెకు లేదని కాదు.

“సుమ్మనే ఊరకుండక్కా. వాళ్లు చెప్పినట్ల రాసేస్తే పోతుంది. ఆమె ఎవరో, ఏడుండాదో,” అన్నాను.

మార్తక్క నా వైపు ఒకసారి చూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తర్వాతి రికార్డింగు తెరిచింది.

సోమవారం నుంచి ఆమెను ఇంకో వరసలోకి మార్చారు. బిర్యానీ చల్లారిపోయిందని తిట్టేవాళ్ల మెయిళ్లు ఆమె ముందుకు వచ్చాయి. నాలుగు వందల పదిహేడు నా ముందుకు వచ్చింది. నన్ను సీనియర్ చేస్తామని ఆ నెలలోనే మాట ఇచ్చి ఉన్నారు. నేను మొదటి వాక్యం వరకు విన్నాను. ‘ఐ హ్యాడ్ ఎన్ అబార్షన్’ అని కొట్టాను. పద్నాలుగు-బి వేశాను. నిమిషం కూడా పట్టలేదు, వెంటనే కాఫీకి వెళ్లాను.

అక్టోబరులో అమెరికా నుంచి, ఆ ఫోన్లు చేయించినవాళ్ల రిపోర్టు వచ్చింది. ‘తమ నిర్ణయం తామే తీసుకున్న మహిళలు’ అన్న శీర్షిక కింద, మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో నేను కొట్టిన వాక్యం ఉంది. కింద ‘తెలుగు ఓటరు’ అని వేసి, రాష్ట్రం పేరూ వయసూ కూడా ఇచ్చారు. మన టీమ్ మాట మొదటి పేజీలో పడిందని కౌశల్ పొంగిపోయి, దాని ప్రింటు తీసి కాఫీ మిషన్ పక్కన గోడకు అతికించాడు. జనం చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

మధ్యాహ్నం మార్తక్క అక్కడికి కాఫీ కోసం వచ్చింది. కప్పు పట్టుకుని గోడ ముందు నిలబడిపోయింది. నేను తప్పించుకుని పోదామనుకున్నాను, కానీ ఆమె చూసేసింది.

“ఆవిడ చెప్పింది మొత్తం విన్నావా కళ్యాణీ?”

“లేదక్కా.”

“ఆవిడ ఉండే రాష్ట్రంలో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారే? వయసు కూడా వేశారు. వాళ్లవాళ్లు చదివితే ఆవిడేనని పోల్చుకోరూ?” అంది.

సీటుకు పోయి నాలుగు వందల పదిహేడు తెరిచాను. ఈసారి చివరిదాకా విన్నాను. రక్తం ఆగకపోతే ఆవిడ ఆస్పత్రికి వెళ్లిందట. చట్టం ఏమంటుందో కనుక్కోవాలని అక్కడివాళ్లు రెండుసార్లు ఇంటికి పంపేశారట. మూడోసారి స్పృహ లేకుండా తీసుకెళ్తే అప్పుడు చేర్చుకున్నారట. “ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి ఒంట్లో బాగుంటే చాలదమ్మా. ఇట్లాంటిది ఒక ఆడది చెప్తే చివరిదాకా వినే ఓపిక ఉందా అని చూస్తాను. ఇంకా ఎవరికీ వేయాలనిపించట్లేదు,” అంది. అయిపోయిందనుకుని హెడ్‌ఫోన్స్ తీయబోతుంటే మళ్లీ ఆ గొంతు వినిపించింది. “పేరు కూడా పెట్టుకున్నామమ్మా.”

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ మీద జాలి కన్నా నా మీద అసహ్యం ఎక్కువగా ఉంది. మూడు నిమిషాలు వినడానికి ఓపిక లేనిదాన్ని, ఎవరో అధ్యక్షుడు ఫిట్టా కాదా అని నంబర్లు వేస్తూ కూర్చున్నాను.

అప్పటికప్పుడు కౌశల్‌కు మెయిల్ రాశాను. నాలుగు వందల పదిహేడులో ఒక పొరపాటు జరిగింది, ఆమెకు గర్భం నిలవలేదు, దయచేసి సరిచేయండి అని. కౌశల్ చదివి ముఖం చిట్లించాడు. రికార్డింగు వినమన్నాను. నిలబడే విన్నాడు. మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. విన్నాక నా మెయిల్‌ను అమెరికాకు పంపాడు. గోడ మీది కాగితం కూడా తనే పీకేశాడు. అక్కడి నుంచి రెండు రోజులకు జవాబు వచ్చింది. రిపోర్టు ఇప్పటికే అందరికీ వెళ్లిపోయింది, మీ సూచనను వచ్చే ఎన్నికలకు గుర్తుపెట్టుకుంటాం, కృతజ్ఞతలు. వచ్చే ఎన్నికలంటే నాలుగేళ్ల తర్వాత.

ఆ జవాబు పట్టుకుని క్యాంటీన్‌కు వెళ్లాను. మార్తక్క ఒక్కతే కూర్చుని పెరుగన్నం తింటోంది. ఫోన్ ఆమె ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ముందు జవాబు చదివింది. తర్వాత దాని కింద ఉన్న నా మెయిల్ చదివింది. రెండోసారి కూడా చదివింది.

“తప్పయిపోయిందక్కా,” అన్నాను.

ఆమె ఫోన్ నా వైపు తిప్పి, నేను రాసిన మొదటి వాక్యం మీద వేలు పెట్టింది.

“ఇక్కడ కూడా పొరపాటు జరిగింది అనే రాశావు,” అంది. గొంతులో కోపం లేదు. క్లాసులో ఆడపిల్లను లేపి నిలబెట్టి అడిగినట్టు అడిగింది. “అయిందా కళ్యాణీ, చేశావా?”

చుట్టూ ప్లేట్ల చప్పుడు. నాకు జవాబు తెలుసు. పుట్టుకతో వచ్చిన జవాబది.

“చేసినానక్కా,” అన్నాను.